పథ్యం ఎప్పుడు విరమించాలి? యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెప్పే జవాబు

మీ ఇంట్లో ఎవరో ఒకరు ఈపాటికి ఏదో ఒకటి తినడం మానేసే ఉంటారు. ఒకరికి పాలు పడవు. ఇంకొకరు గోధుమ ముట్టరు. మరొకరు పప్పు, ఆకుకూర, ఉల్లి, వెల్లుల్లి అన్నీ పక్కన పెట్టేశారు. పొట్ట ఉబ్బరం, పదేపదే విరేచనాలు, పుల్లటి తేన్పులు, ఒంటి మీద దద్దుర్లు... కారణం ఏదైనా, ఎవరో చెప్పగా విని ఒక పట్టిక గీసుకుంటారు. మొదటి రెండు వారాలు హాయిగా ఉంటుంది. దాంతో ఆ పట్టికే శాశ్వతమైపోతుంది.

విశాఖలో మా ఓపీకి ఇలాంటివారు వారంలో నలుగురైదుగురు వస్తారు. మూడు షిఫ్టుల్లో పనిచేసే ఉక్కు ఉద్యోగులు, పోర్టు నుంచి రిటైరైనవారు, బడి టీచర్లు, గృహిణులు. ఎనిమిది నెలలుగా అన్నం, మజ్జిగ, బీరకాయ తప్ప ఏమీ తినలేదని కాస్త గర్వంగానే చెబుతారు. కనురెప్ప కిందకు లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. నాలుక గరుకుదనం పోయి ఎర్రగా, నున్నగా మారి ఉంటుంది. పొట్ట కోసం మొదలుపెట్టిన పథ్యం రక్తం మీదకు వచ్చిందన్నమాట. ఏం మానేయాలో వీళ్లకు పదిమంది చెప్పారు. మళ్లీ ఎప్పుడు, ఎలా తినాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

అలాంటివారికి నేను మన తెలుగువాడే అయిన ఒక డాక్టర్ కథ చెబుతుంటాను. ఈరోజు మీకూ చెబుతాను.

భీమవరం నుంచి మదరాసుకు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. సుబ్బారావుకు చిన్నతనంలో చదువు మీద మనసు నిలిచేది కాదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీ ప్రయాణం కట్టారు. అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆలోచన. ఇంట్లోవాళ్లు దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తండ్రి పోయాక తల్లి నగలు అమ్మి చదివించింది. అయినా మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. మీ పిల్లాడికి ఒక పరీక్ష పోయిందని దిగులు పడుతుంటే ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

మదరాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, ఆ తర్వాత మదరాసు వైద్య కళాశాలలో చేరారు. అవి స్వదేశీ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఆపరేషన్ గదిలోకి ఖద్దరు వేసుకుని వెళ్లడం తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, దానికన్నా తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1919లో శేషగిరితో పెళ్లైంది. చదువు ఖర్చుకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అండగా నిలిచారు.

అన్నదమ్ములను మింగిన జబ్బు

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది పరీక్షలు కాదు, ఇంట్లో చావులు. పురుషోత్తం, కృష్ణమూర్తి అనే ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరినీ తీసుకెళ్లింది ఒకే జబ్బు. ఇంగ్లిష్ వైద్యులు దాన్ని ట్రాపికల్ స్ప్రూ అనేవారు. మనవాళ్లు సంగ్రహణి అన్న మాట వాడేవారు.

ఈ జబ్బులో ఏం జరుగుతుందో చెబుతాను. మన చిన్నపేగు లోపలి గోడ టర్కీ టవల్‌లా ఉంటుంది. లక్షల సన్నని నూగు లాంటి మొనలు ఆహారంలోని సారాన్ని పీల్చి రక్తంలోకి పంపుతాయి. స్ప్రూలో ఆ మొనలు అరిగి పొట్టివైపోతాయి. తిన్నది వంటబట్టదు. తెల్లగా, జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలు అవుతాయి. నాలుక పుండులా మండుతుంది. మనిషి రోజురోజుకూ చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది. ఎదురుగా కంచం నిండా అన్నం ఉన్నా శరీరం మాత్రం పస్తుంటుంది.

సోదరులను పోగొట్టుకున్న సుబ్బారావుకు తర్వాత అదే జబ్బు వచ్చింది. అప్పట్లో పాశ్చాత్య వైద్యంలో దీనికి మందు లేదు. పాలు తప్ప ఇంకేమీ ఇవ్వకుండా వారాల తరబడి మంచాన ఉంచి, తర్వాత ఒక్కో పదార్థం కలుపుకుంటూ వచ్చేవారు. కొందరు దొరలు స్ట్రాబెర్రీ పళ్లతో నయమవుతుందనేవారు. సుబ్బారావుకు నయం చేసింది మదరాసులోని ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. ఆ కృతజ్ఞతతోనో, ఆ వైద్యంలోని గుట్టు తెలుసుకోవాలన్న తపనతోనో, లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే ఆయన శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు.

పథ్యం అంటే ఆపడం కాదు

ఇక్కడ కథ కాస్త ఆపి ఒక మాట. పథ్యం అనగానే మనకు మానేయాల్సిన వాటి జాబితా గుర్తొస్తుంది. కానీ మన అమ్మమ్మల వాడుకలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. టైఫాయిడ్ వచ్చి లంఖణాలు చేసిన మనిషికి మొదటిసారి అన్నం పెట్టే రోజును పథ్యం పెట్టిన రోజు అనేవారు. పాత బియ్యం మెత్తగా వండి, బీరకాయో పొట్లకాయో ఉడికించి, పల్చని చారుతో తినిపించేవారు. అంటే పథ్యం తిండి ఆపడానికి పేరు కాదు, తిరిగి మొదలుపెట్టడానికి పేరు.

ఆయుర్వేదంలో దీనికి ఒక క్రమం ఉంది. శోధన చికిత్స అయ్యాక ముందు గంజి తేట, తర్వాత పల్చని జావ, ఆపైన చిక్కని జావ, పెసరకట్టు, మాంసం తినేవారికి మాంసరసం, చివరకు మామూలు భోజనం. మెట్టు మెట్టుగా కొన్ని రోజుల్లో పూర్తయ్యే ప్రయాణమిది. దీనికి మొదలు ఉంది, ముగింపు కూడా ఉంది. ఈరోజు మనం చేస్తున్న పొరపాటల్లా మొదటి మెట్టు మీదే ఇల్లు కట్టేసుకోవడం.

బోస్టన్‌లో భాస్వరం లెక్క

మందు లేని జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల సుబ్బారావును అమెరికా వైపు నడిపించింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తామంది, మామగారు మరికొంత డబ్బు సమకూర్చారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. గర్భవతి అయిన భార్యను ఇక్కడే వదిలి వెళ్లారు. పుట్టిన కొడుకు ఏడాది నిండకముందే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కిందిస్థాయి పనులు చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో చేరారు. 1925లో ఈ ఇద్దరూ రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క తేల్చే ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని ప్రపంచమంతటా ల్యాబులు దశాబ్దాల పాటు వాడాయి. ఆ పనిలోంచే 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీ అంటే మన కణాల్లో చెల్లుబాటయ్యే శక్తి నాణెం అనుకోండి. మీరు ఈ పేజీ తిప్పినా, మీ గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది అదే. 1930లో ఆయనకు డాక్టరేట్ వచ్చింది.

ఈ భాస్వరానికీ మీ పథ్యానికీ సంబంధం ఉంది. రోజుల తరబడి దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా అన్నం, తీపి పెట్టారనుకోండి. ఇన్సులిన్ పెరుగుతుంది. కణాలు చక్కెరను లోపలికి లాక్కుని ఏటీపీ తయారీ మొదలుపెడతాయి. ఆ తయారీకి భాస్వరం కావాలి. అప్పటికే నిల్వలు ఖాళీ అయిన శరీరంలో, రక్తంలోని భాస్వరం గంటల్లో పడిపోతుంది. పొటాషియం, మెగ్నీషియం కూడా దాని వెంటే తగ్గుతాయి. కండరాలు సడలుతాయి, ఊపిరి ఆడదు, గుండె లయ తప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర విడుదలైన యుద్ధఖైదీల్లో ఆకలికి తట్టుకుని బతికినవారు కొందరు భోజనం దొరికాక చనిపోవడానికి కారణం ఇదే. వైద్యంలో దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటాం.

కాబట్టి ఐదు రోజులకు మించి రసాలతోనో నీళ్లతోనో గడిపినవారు, కొద్ది నెలల్లో బాగా బరువు తగ్గినవారు విందు భోజనంతో ఉపవాసం విరమించకూడదు. మొదటి రెండు రోజులు మామూలుగా తినేదాంట్లో సగానికి మించకుండా, చిన్న చిన్న భాగాలుగా తినాలి. మరీ చిక్కిపోయినవారు, మద్యం అలవాటున్నవారు, షుగర్, కిడ్నీ జబ్బులున్నవారు అయితే ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేయించుకుంటూనే తిండి మొదలుపెట్టాలి.

ఆకులో దొరికిన జవాబు

1926లో బోస్టన్‌లోనే మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు ఒక విచిత్రమైన పథ్యం ప్రకటించారు. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు రోజూ పెద్ద ముక్క కాలేయం తినిపిస్తే రోగి బతుకుతున్నాడు. 1934లో దీనికి నోబెల్ వచ్చింది. మరి కాలేయంలో ఉన్నదేమిటి? ఆ ప్రశ్న సుబ్బారావును పట్టుకుంది. 1930లలో హార్వర్డ్‌లో ఉంటూ కాలేయ సారాన్ని విడగొట్టే పనిలో మునిగారు.

ఇటు 1931లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ మన బొంబాయిలో ఇంకో దారి చూపించారు. చాలీచాలని తిండితో రక్తహీనత వచ్చిన గర్భిణులకు ఈస్ట్ సారం ఇస్తే రక్తం పట్టింది. ఆ పదార్థాన్నే 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి కొద్దిగా వేరుచేశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కాబట్టి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కని సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. వెంటనే టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు దాన్ని క్యూబాలో స్ప్రూ రోగుల మీద వాడి చూశారు. నాలుక పుండు మానింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. భీమవరం కుటుంబంలో ఇద్దరిని మింగిన జబ్బుకు ఆ ఇంటి బిడ్డ చేతి మీదుగా మందు వచ్చింది.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తగా పుడుతుంది. అంత వేగంగా కణాలు పుట్టాలంటే ఫోలేట్ కావాలి. పేగు దెబ్బతింటే ఫోలేట్ వంటబట్టదు, ఫోలేట్ లేకపోతే పేగు కోలుకోదు. ఈ సుడిలో చిక్కుకున్న మనిషికి కేవలం పథ్యం ఉపశమనం ఇస్తుందే గానీ బయటకు లాగలేదు. ఇక మన పట్టికల్లో ముందు ఎగిరిపోయేవి ఏవో చూడండి. తోటకూర, పాలకూర, గోంగూర, పెసలు, శనగలు, వేరుశనగ. గ్యాస్ అంటూ మనం మానేసేవన్నీ ఫోలేట్ దొరికేవే! శరీరంలో ఫోలేట్ నిల్వలు దాదాపు నాలుగు నెలలకు మించి రావు. ఆరో నెలలో మీకు నీరసం వస్తే అది పాత జబ్బు కాకపోవచ్చు, పథ్యమే అయ్యుండవచ్చు. పెళ్లై పిల్లల కోసం ఎదురుచూస్తున్న అమ్మాయిలు ఇలాంటి పథ్యాల్లో ఉంటే మరీ జాగ్రత్త. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం సరిపడా లేకపోతే బిడ్డ వెన్నెముక సరిగా రూపుకట్టని ప్రమాదం ఉంది.

ఒక్క మాత్రతో సరిపోదు

అయితే ఫోలిక్ ఆమ్లం మాత్ర కొనుక్కుని మింగేస్తే చాలా? చాలదు. పెర్నీషియస్ అనీమియా రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు రక్తం బాగుపడింది, కానీ కాళ్ల తిమ్మిర్లు, తూలుడు ఆగలేదు. కొందరిలో నరాల జబ్బు ఇంకా ముదిరింది. కాలేయంలో దాగిన అసలు మందు వేరే ఉంది. అది బీ12. దాన్ని వేరుచేసినట్టు 1948లో ప్రకటించారు. సుబ్బారావు ఏళ్ల తరబడి వెతికిన ఆ పదార్థం ఆయన కన్నుమూయడానికి కొద్ది నెలల ముందు ఇతరుల చేతికి దొరికింది.

బీ12 మొక్కల నుంచి దొరకదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. శాకాహారి అయ్యుండి పాలూ మానేసినవారు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నవారు, ఎసిడిటీ మాత్రలు ఆపకుండా వేసుకునేవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడకూడదు. ముందు బీ12 పరీక్ష చేయించుకోవాలి. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నా, చీకట్లో నడిస్తే తూలుతున్నా ఆలస్యం చేయకండి.

అదే గది నుంచి రెండో మందు

ఇప్పుడు స్ప్రూకు మేం ఇచ్చే వైద్యం వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఫోలిక్ ఆమ్లం, దాంతోపాటు టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్. ఈ రెండూ మూడు నుంచి ఆరు నెలలు, అవసరాన్ని బట్టి బీ12. టెట్రాసైక్లిన్లలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దాన్ని 1948లో బెంజమిన్ డగ్గర్ బయటపెట్టింది సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలోనే. అంటే ఆయన సోదరులకు దొరకని రెండు మందులూ ఆయన కనుసన్నల్లోనే తయారయ్యాయి. 1960లలో వెల్లూరు వైద్యులు దక్షిణాది పల్లెల్లో స్ప్రూ ఊళ్లకు ఊళ్లను పట్టి పీడించడాన్ని అధ్యయనం చేశారు. ఇప్పుడు శుభ్రమైన నీళ్లు, మందుల వల్ల అది బాగా తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు. నెలలుగా విరేచనాలతో బాధపడుతూ తిండి మార్చుకుంటూ పోయేవారిలో ఇలా మందుతో పోయే జబ్బు దాగి ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా పథ్యం పెంచుకుంటూ పోవడం ఎందుకు ప్రమాదమో అర్థమైంది కదా.

ఆయన చేతి మందులు మన ఊళ్లోనూ ఉన్నాయి. బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర హెట్రజాన్ పేరుతో 1947లో వచ్చింది ఆ ప్రయోగశాల నుంచే. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులను ఆయన బృందం తయారుచేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటితో పిల్లల రక్తక్యాన్సర్‌ను మొదటిసారి తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఈరోజు కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోమని ఇస్తున్నాం. ఆ మందు మీద ఉన్నవారు సొంత పథ్యాలు అసలు పెట్టుకోకండి.

తిరిగి తినడం ఎలా?

ఇక మీ వంటింటికి వద్దాం. డాక్టర్‌కు చూపించుకున్నాక, ప్రమాదకరమైన జబ్బు లేదని తేలాక, మానేసిన వాటిని ఇలా వెనక్కి తెచ్చుకోండి.

మొదట, పథ్యానికి గడువు పెట్టుకోండి. పొట్ట ఉబ్బరం, ఐబీఎస్ లాంటి ఇబ్బందులకు నాలుగు నుంచి ఆరు వారాలు చాలు. అప్పటికి తేడా కనపడకపోతే ఆ పథ్యం మీకు పనిచేయలేదని అర్థం, ఇంకా బిగించడం వల్ల లాభం లేదు.

ఒకసారికి ఒకే పదార్థం. పాలు పరీక్షిస్తున్న వారంలో గోధుమ జోలికి పోవద్దు. మొదటిరోజు పావు గ్లాసు పాలు, రెండోరోజు అర గ్లాసు, మూడోరోజు ఒక గ్లాసు. చపాతీ అయితే సగం, ఒకటి, రెండు. తర్వాత రెండు మూడు రోజులు ఆగి గమనించండి. ఆ వారం మిగతా భోజనమంతా ఎప్పటిలాగే ఉండాలి.

సులువైన వాటితో మొదలుపెట్టండి. పాల కంటే ముందు పెరుగు. కందిపప్పు కంటే ముందు పొట్టు తీసిన పెసరపప్పు, అదీ పల్చని కట్టుగా. ఆకుకూరల్లో ముందు లేత పాలకూరో తోటకూరో గుప్పెడు, మెత్తగా ఉడికించి పప్పులో. శనగలు, రాజ్మా, పచ్చి ఉల్లిపాయ చివరికి. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి, ఫోలేట్ అందులోకే దిగుతుంది.

రోజూ ఒక పుస్తకంలో రాయండి. ఏం తిన్నారు, ఎంత, ఎన్ని గంటలకు, ఆ తర్వాత ఏమైంది. నైట్ షిఫ్టు చేసినరోజు, నిద్ర లేనిరోజు, పీరియడ్స్ సమయం కూడా గుర్తు పెట్టుకోండి. రాత్రంతా మేలుకున్న పొట్ట తెల్లారి ఇడ్లీకి కూడా అలుగుతుంది. ఆ నింద మినప్పప్పు మీద వేయకండి.

కొంచెం ఉబ్బరం వస్తే భయపడి శాశ్వతంగా మానేయొద్దు. నెలల తర్వాత పప్పు మళ్లీ తింటే మొదటి వారం గ్యాస్ రావడం మామూలే. పరిమాణం తగ్గించి, రెండు మూడు వారాల తర్వాత మళ్లీ ప్రయత్నించండి. పేగు మానిన కొద్దీ పడనివి పడతాయి. పెద్ద విరేచనాల జబ్బు తర్వాత పాలు పడకపోవడం చాలామందిలో కొన్ని వారాల ముచ్చటే. దాన్ని జీవితకాలం మోయనక్కర్లేదు.

వీళ్లు మాత్రం ఇంట్లో ప్రయత్నించొద్దు

ఏదైనా తిన్న కొద్ది నిమిషాల్లోనే పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా అది ఎలర్జీ. ఆ పదార్థాన్ని ఇంట్లో మళ్లీ పరీక్షించడం ప్రాణాంతకం. సీలియాక్ జబ్బు తేలినవారికి గోధుమ, బార్లీ ఎప్పటికీ వద్దు. దీనికో చరిత్ర ఉంది. 1924లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్ ఈ జబ్బున్న పసివాళ్లకు అరటిపళ్ల పథ్యం పెట్టారు. పిల్లలు కోలుకున్నారు, గొప్పతనం అరటిపండుదే అనుకున్నారు. బ్రెడ్ తిరిగి పెడితే కొందరిలో జబ్బు తిరగబెట్టేది. అసలు దోషి గోధుమ అని 1940లలో నెదర్లాండ్స్ వైద్యుడు డికే నిరూపించే వరకూ ఆ ముడి వీడలేదు. అందుకే ఏది తిరిగి తినొచ్చో, ఏది కూడదో చెప్పేది రోగనిర్ధారణే. గోధుమ మానేయాలనుకుంటే మానకముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు.

ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, అర్ధరాత్రి విరేచనానికి మెలకువ వస్తున్నా, జ్వరం వస్తున్నా, యాభై దాటాక కొత్తగా ఈ ఇబ్బందులు మొదలైనా, పిల్లల ఎదుగుదల ఆగినా పథ్యాలు పక్కనపెట్టి ఆసుపత్రికి రండి.

ఆయన తిరిగి రాలేదు

సుబ్బారావు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు యాభై మూడేళ్లు. 26 ఏళ్లు పరాయి దేశంలో గడిపినా అక్కడి పౌరసత్వం తీసుకోలేదు, ఇల్లూ చేరలేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. నోబెల్ రాలేదు. శతజయంతి వేళ, 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఆయన మందులు మింగినవారిలో ఎక్కువమందికి ఆయన పేరు ఇప్పటికీ తెలియదు.

జబ్బుతో చిక్కిన మనిషి మళ్లీ అందరితో కలిసి కూర్చుని, అందరూ తినేదే తినగలగాలి. ఆయన పనిలో ఎక్కువ భాగం చివరకు అక్కడికే దారితీసింది. ఇవాళ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు మీ ఇంట్లో ఎవరి కంచం వేరుగా ఉందో ఒకసారి చూడండి. అది ఎన్నాళ్లుగా వేరుగా ఉందో, ఎవరు చెప్పగా మొదలైందో, ఎప్పటివరకని అనుకున్నారో అడగండి. చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే వాళ్లను డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాల్సిన సమయం వచ్చినట్టే. బరువు చూపించి, ఒక రక్తపరీక్ష చేయించి, వచ్చే వారం నుంచి పెసరకట్టుతో మొదలుపెట్టండి.